సముద్రములోని గుడి: ట్రినిడాడు ద్వీపజనులు, వారి మతములు

క్రికెట్టు వార్తలు చదువు అలవాటు గలవారికి పోర్ట్ ఆఫ్ స్పెయిన్ అను నగరము క్రొత్తది కాదు. వెస్టిండీసు జట్టుపై భారతదేశము మొట్టమొదటి టెస్టు విజయమును సాధించినది 1971లో ఆ నగరముననే. అంతకు ఇరువదియొక్క సంవత్సరములకు పూర్వము, 1950లో, ఇంగ్లండువారిని వారి లార్డ్సు మైదానముననే ఓడించిన వెస్టిండీసు ఆటగాండ్రలో రామాధీన్ అను పేరుగల యువకుడొకడు ఉండెను. అట్లాంటికు మహాసముద్రమునకు ఆవలియొడ్డున, వేలమైళ్ల దూరముననున్న ఒక దీవిలో రాముని పేరు ఎట్లు వెలసినది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకబోయినచో చెరకుతోటల చరిత్ర, ఓడల చరిత్ర, అన్నిటికంటె మిన్నగా దేవుళ్ల చరిత్ర బయటపడును.

ఆ దీవి పేరు ట్రినిడాడు. వెస్టిండీసు దీవులవరుసలో దక్షిణపు కొసన, వెనిజులా తీరమునకు ఏడు మైళ్ల యెడముగా ఉన్నది. దానికి ఈశాన్యమున టొబేగో అను చిన్నదీవి కలదు. ఈ రెండును కలిసి నేడు ఒక గణతంత్ర రాజ్యము. రెంటి వైశాల్యము 5,128 చదరపు కిలోమీటర్లు. అనగా అవిభక్త శ్రీకాకుళము జిల్లాకంటె చిన్నది. 2011 జనాభాలెక్కలనాటికి జనసంఖ్య పదమూడు లక్షల ఇరువదియెనిమిది వేలు. ఇంత చిన్న నేలపై ఆఫ్రికా, ఇండియా, చైనా, సిరియా, పోర్చుగలు, ఫ్రాన్సు, స్పెయిను, ఇంగ్లండు దేశములనుండి వచ్చినవారి సంతతులు నివసించుచున్నవి. వారిలో ఎక్కువమంది పూర్వులు తమ యిష్టముచేత వచ్చినవారు కారు.

1498 జూలై 31వ తేదీన కొలంబసు తన మూడవ యాత్రలో ఈ దీవిని కనుగొని, క్రైస్తవుల త్రిమూర్తి స్వరూపుడగు దేవుని పేర దీనికి ట్రినిడాడు అని నామకరణము చేసెను. పేరు పెట్టుటలోనే మతము ప్రవేశించినది. అప్పటికి అచట అరవాకులు, కారిబులు మొదలగు ఆదిమజాతులవారు నివసించుచుండిరి. తెల్లవారు తెచ్చిన రోగములచేతను, చేయించిన వెట్టిచేతను వారు క్షీణించిపోయిరి. వారి సంతతివారమని చెప్పుకొనువారు కొలదిమంది నేటికిని అరీమా పట్టణమున సాంతా రోసా పుణ్యవతి ఉత్సవమును జరుపుకొనుచున్నారు. పాతదేవతల పేర్లు పోయి, పండుగమాత్రము క్రొత్తదేవత పేర మిగిలినది.

దాదాపు మూడువందల యేండ్లు స్పెయిను ఏలినను దీవి చాలవరకు అడవిగానే యుండెను. జనమును రప్పింపవలెనని 1783లో స్పెయినురాజు ఒక శాసనము చేసెను. వచ్చి స్థిరపడువారికి భూమి ఉచితము. కాని వచ్చువాడు రోమను కాథలిక్కు కావలెను. అతడు వెంట తెచ్చుకొన్న బానిసలకు తలకింత చొప్పున అదనపు భూమి లభించును. నల్లజాతి రక్తము గల స్వతంత్రునకు తెల్లవానికిచ్చుదానిలో సగము. భూమికిని మతమునకును, భూమికిని శరీరపు రంగునకును ముడివేసిన శాసనమిది. దీని ఫలముగా చుట్టుపట్ల దీవులనుండి ఫ్రెంచిదొరలు తమ ఆఫ్రికను బానిసలతో వచ్చి చెరకు నాటిరి. 1797లో బ్రిటిషువారు దీవిని ఆక్రమించిరి. ఇట్లు చట్టములు స్పెయినువారివి, భాష ఫ్రెంచివారిది, జెండా ఇంగ్లీషువారిది, చెమట ఆఫ్రికావారిది అయినది.

1834లో బ్రిటిషు సామ్రాజ్యమున బానిసత్వము రద్దయ్యెను. ఆపై నాలుగేండ్లు శిక్షణ అను నెపమున వారిని తోటలకే కట్టివేసి, 1838 ఆగస్టు 1వ తేదీన పూర్తిగ విడిచిపెట్టిరి. విడుదల పొందినవారిలో పెక్కుమంది పాత యజమానులు చెప్పిన వేతనములకు తోటలలో పనిచేయ నిరాకరించిరి. వారిని తప్పుపట్టువారెవరు? దొరలకు చౌకగా దొరకు చేతులు కావలసివచ్చినవి. వారి చూపు భారతదేశముపై పడినది.

1845 ఫిబ్రవరి 16వ తేదీన కలకత్తానుండి బయలుదేరిన ఫతేల్ రజాక్ అను ఓడ నూటమూడు దినములు ప్రయాణించి మే 30వ తేదీన పోర్ట్ ఆఫ్ స్పెయిన్ రేవు చేరినది. అందు రమారమి 225 మంది భారతీయులు ఉండిరి. నాటినుండి 1917 వరకు వచ్చినవారు మొత్తము లక్షా నలుబది నాలుగువేలమంది. వీరిలో అత్యధికులు బీహారు, అయోధ్య ప్రాంతముల భోజ్‌పురీ, అవధీ భాషలవారు. మద్రాసు రేవునుండి బయలుదేరినవారు తక్కువ. తొలి దశాబ్దములలో కొందరును, ఇరువదవ శతాబ్దపు మొదటి యేండ్లలో మరికొందరును వచ్చిరి. మద్రాసు రేవున ఎక్కినవారిలో తమిళులతోపాటు తెలుగువారును ఉండిరి. ట్రినిడాడులో ఈ రెండు భాషలవారికిని ఒక్కటే పేరు, మద్రాసీలు. అచట వారి భాష రెండు మూడు తరములలో ఇంకిపోయినది. చుట్టుప్రక్కల వినిపించునదంతయు భోజ్‌పురీ. ఇంట మాటాడుకొనుటకు తగినంతమంది లేరు. నిలిచినది కాళీపూజ. నిప్పులు త్రొక్కుట, అమ్మవారు పూనుట, మేకపోతును బలియిచ్చుట అను ఆచారములను అచటికి కొనిపోయినవారు మద్రాసీలేయని ఉత్తరాదివారును ఒప్పుకొందురు. శాన్ ఫెర్నాండో పట్టణ ప్రాంతమున గోల్కొండ అను పేరుగల ఊరొకటి కలదు. ఆ ఊరి జనమునకు ఈ గోల్కొండ సంగతి తెలిసియుండవలసిన పనిలేదు.

ఓడ ఎక్కునప్పటి ఒప్పందము అయిదేండ్లకు. రోజుకూలి 25 సెంట్లు. చీటీ లేక తోట దాటి రోడ్డుమీద కనిపించినచో పోలీసులు పట్టుకొందురు. పనికి రాకుండుట మనకు తెలిసిన లోకమున కూలి నష్టము. అచట అది నేరము, దానికి జైలు. పదియేండ్లున్నచో తిరుగుప్రయాణపు సౌకర్యము కలదని చెప్పిరి గాని, వచ్చినవారిలో తిరిగిపోయినవారు సుమారు నాలుగవవంతు మాత్రమే. 1869 తరువాత కొంతకాలము తిరుగుప్రయాణమునకు బదులు కొంత భూమి నిచ్చిరి. ఆ భూములలో లేచినవే నేటి భారతీయుల పల్లెలు. కూలి అను మాట తెలుగున, తమిళమున పనికి వచ్చు ప్రతిఫలమును తెలుపును. ఆ దీవిలో అది జాతిని తిట్టు తిట్టుగా మారినది.

ఓడలో కులము నిలువలేదు. ఒకే వంటశాల, ఒకే నీటితొట్టి, మూడు నెలల సముద్రము. వాటి ముందు అంటు, మడి ఎంతకాలము నిలుచును? దానికి మారుగా క్రొత్త బంధుత్వము పుట్టినది. ఒకే ఓడలో వచ్చినవారు పరస్పరము ‘జహాజీ భాయి’ అని పిలుచుకొనిరి, అనగా ఓడ సోదరుడని అర్థము. తోడబుట్టినవారివలెనే ఒకరి బిడ్డలను మరియొకరు ఇచ్చిపుచ్చుకొనుటకు సంకోచించిరట. హిందువు, ముసల్మాను అను భేదము ఈ బంధుత్వమునకు లేదు.

ఆ ఐక్యమునకు పరీక్ష 1884లో వచ్చినది. మొహరము పండుగను ట్రినిడాడులో హొసే అందురు. వెదురుతోను, రంగుకాగితములతోను గోపురములవంటి తాజియాలు కట్టి, డప్పులు మ్రోగించుచు ఊరేగించి, తుదకు సముద్రమున నిమజ్జనము చేయుదురు. మన పల్లెలలో పీర్లపండుగనాడు హిందువులు ముందుండి నడుచునట్లే, అచటను తోటకొక తాజియా కట్టి హిందువులును మోసిరి. కూలీలందరును సంవత్సరమునకొకసారి గుమిగూడు పండుగ అది ఒక్కటే. చెరకు ధరలు పడిపోయి తోటలలో అశాంతి రేగుచుండుటచే ప్రభుత్వమునకు ఆ గుంపులు భయము పుట్టించినవి. ఊరేగింపులు పట్టణములలోను, రాజమార్గములందును అడుగిడరాదని శాసించిరి. కూలీలు మహజరు పంపుకొనిరి; ఫలము లేదు. 1884 అక్టోబరు 30వ తేదీన శాన్ ఫెర్నాండో పొలిమేరలలో తాజియాలతో వచ్చిన జనముపై పోలీసులు కాల్పులు జరిపిరి. మృతులు పదునారుగురని కొందరు, ఇరువదియిద్దరని కొందరు చెప్పుదురు. గాయపడినవారు నూరుమందికి పైబడిరి. విచారణకై పంపబడిన జమైకా గవర్నరు సర్ హెన్రీ నార్మన్ పోలీసుల చర్యను సమర్థించెను. హొసే మాత్రము ఆగలేదు. పోర్ట్ ఆఫ్ స్పెయినులోని సెయింట్ జేమ్సు పేటలో నేటికిని తాజియాలు లేచుచున్నవి. డప్పు కొట్టువారిలో ఆఫ్రికావారును కలరు.

తుపాకికంటె నెమ్మదిగా పనిచేయు అన్యాయము మరియొకటి యుండెను. పురోహితుడు అగ్నిసాక్షిగ జరిపిన హిందూవివాహము, ఖాజీ జరిపిన నికా చట్టము దృష్టిలో వివాహములు కావు. మాంగల్యము కట్టి నలుబదియేండ్లు కాపురము చేసిన ఇల్లాలు కాగితముమీద అవివాహిత. ఆమె కన్న బిడ్డలు అక్రమసంతానము. ఇంటి యజమాని వీలునామా వ్రాయక మరణించినచో అతడు చెరకునరికి కూడబెట్టిన నాలుగెకరములకు ఆ బిడ్డలు వారసులు కారు. నమోదు చేయించుకొనుటకు మార్గమున్నదని అధికారులు చెప్పిరి. కాని దేవునియెదుట పెండ్లియాడినవారు గుమాస్తాయెదుట మరల పెండ్లియాడుట అవమానమని ఎక్కువమంది భావించిరి. ముస్లిము వివాహములకు 1935లో, హిందూ వివాహములకు 1945లో గాని గుర్తింపు రాలేదు. మొదటి ఓడ వచ్చిన నూరేండ్లకన్నమాట! చితి పేర్చి దహనము చేసికొనుటకు చట్టబద్ధమైన అనుమతి 1950లలో వచ్చినది. అంతవరకు హిందువులు తమవారిని మట్టిలో పూడ్చవలసియుండెను.

ఇట్టి కష్టములు భారతీయులకు మాత్రమే కలిగినవని తలచరాదు. ఆఫ్రికాసంతతివారు స్వతంత్రులైన పిదపను వారి డోలు ప్రభుత్వమునకు కంటగింపుగానే యుండెను. 1881లో కార్నివాల్ వేకువజామున దివిటీలు పట్టి కర్రలతో నడచు వారి ఊరేగింపును పోలీసులు అడ్డగింపగా పెద్ద కలహము చెలరేగినది. ఆపై డోళ్లను నిషేధించిరి. వారు వెదురుబొంగులను నేలకు కొట్టి తాళము పుట్టించిరి. కొన్ని దశాబ్దముల పిదప, 1930-40ల నడుమ, బిస్కట్టుడబ్బాలు, తరువాత దీవిలోని చమురుపరిశ్రమ పారవేసిన ఇనుపపీపాలు వారి చేత స్వరములు పలికినవి. పీపా అడుగును సుత్తితో గుంటలుగా కొట్టి, ఒక్కొక గుంటకు ఒక్కొక స్వరము అమర్చుదురు. ఆ వాద్యమే 1992లో జాతీయవాద్యముగా ప్రకటింపబడినది.

వారి ప్రార్థనకును చట్టము అడ్డువచ్చినది. క్రైస్తవబోధను ఆఫ్రికా పద్ధతులతో కలిపికొన్న స్పిరిట్యుయల్ బాప్టిస్టులు తలకు తెల్లగుడ్డ చుట్టుకొని, కొవ్వొత్తులు వెలిగించి, గంట మ్రోగించి, ఆత్మావేశమున కేకలు వేయుచు ప్రార్థింతురు. ఇది సభ్యత కాదని 1917 నవంబరు 16వ తేదీన ఒక శాసనముచే వారి కూటములను నిషేధించిరి. భారతదేశమునుండి కూలీలను పంపుట నిలిపివేసిన సంవత్సరమును అదే. ఒకరి సంకెల సడలించుచు మరియొకరికి బిగించినట్లయినది. ముప్పదినాలుగేండ్లు ఆ భక్తులు అడవులలోను, కొండచరియలలోను చాటుగా ప్రార్థించుచు, పట్టుబడి జుల్మానాలు చెల్లించుచు వచ్చిరి. 1951 మార్చి 30వ తేదీన నిషేధము రద్దయ్యెను. 1996 నుండి ఆ దినము దేశమంతటికిని సెలవుదినము.

భారతీయుల చదువుసంగతి వేరు. కెనడానుండి 1868లో వచ్చిన జాన్ మోర్టన్ అను ప్రెస్బిటీరియను పాదిరి హిందీ నేర్చి, తోటలలో హిందీలోనే బడులు నెలకొల్పెను. ప్రభుత్వమునకును దొరలకును పట్టని బిడ్డలకు అక్షరములు నేర్పినవాడు ఆయనే. ఆ మేలు మరువరానిది. కాని ఆ బడులలో ఉపాధ్యాయుడగుటకు క్రైస్తవుడగుట సుగమమైన మార్గము. మతము మారక చదువుకొన్నవానికి ఉద్యోగము దుర్లభము. 1952లో సనాతన ధర్మ మహాసభ ఏర్పడి, భదాసే సాగన్ మరాజ్ నాయకత్వమున కొద్ది యేండ్లలోనే పదులకొలది పాఠశాలలను లేపినది. కొందరు వాటిని గొడ్లచావడులని ఎగతాళి చేసిరి. పల్లెజనము చందాలు వేసికొని, స్వయముగ రాళ్లుమోసి కట్టుకొన్న చావడులవి.

వైరములు చెప్పి స్నేహములు చెప్పకున్నచో ఆ దీవిని సగమే చూపినట్లగును. దక్షిణమున సిపారియా అను ఊరిలోని కాథలిక్కు చర్చిలో నల్లని మేనిచాయగల మేరీమాత విగ్రహ మొకటి కలదు. కాథలిక్కులు ఆమెను దివ్యగోపాలకియని కొలుతురు. హిందువులకు ఆమె సిపారియా మాయి. కొందరికి సాక్షాత్తు కాళి. ఈస్టరుకు ముందు వచ్చు గురువారమునాటి రాత్రియు, గుడ్ ఫ్రైడేనాడును వేలకొలది హిందువులు బియ్యము, నూనె, పూలు, నగలు తెచ్చి ఆమెకు సమర్పింతురు. బిడ్డలకు పుట్టువెంట్రుకలు తీయించు మ్రొక్కులును అచటనే తీర్చుకొందురు. ఇది ఎవరి గుడియని వాదించువారు రెండువైపులను లేకపోలేదు. వరుసలో నిలుచున్న తల్లులకు మాత్రము ఆ వాదముతో పనిలేదు.

ఇక సముద్రములోని గుడి. శివదాస్ సాధు బాల్యముననే తల్లిదండ్రులతో ఓడమీద వచ్చి, తోటకూలియై పెరిగినవాడు. సంపాదించినది ఖర్చుపెట్టి భారతదేశమునకు తీర్థయాత్రలు చేయుచుండెననియు, ఇక వెళ్లజాలనప్పుడు తానున్నచోటనే గుడి కట్టెదనని సంకల్పించుకొనెననియు చెప్పుదురు. 1947లో వాటర్లూ అను పల్లెయొద్ద తీరమున చిన్న ఆలయము కట్టెను. ఆ నేల చక్కెర కంపెనీది. గుడి తీసివేయుమనిరి, తన చేతులతో కట్టినదానిని తాను కూల్చననెను. కంపెనీవారు 1952లో యంత్రముతో కూల్చివేసిరి. పరుల భూమిలో ప్రవేశించిన నేరమునకు న్యాయస్థానము అతనికి పదునాలుగు దినముల జైలు, పైగా జుల్మానా విధించినది.

జైలునుండి వచ్చిన పిదప అతడు నేలను అడుగలేదు. సముద్రము ఏ కంపెనీకిని పట్టాలేనిదని ఎంచి, తీరమునకు సుమారు అయిదువందల అడుగుల దూరమున నీటిలోనే గుడి కట్టుటకు పూనుకొనెను. సైకిలుమీద రాళ్లు, సిమెంటు, ఇసుక మోసికొని వచ్చి, పాటువేళ బురదలోనికి దిగి, ఇనుపపీపాలను కాంక్రీటుతో నింపి పునాదిగ నిలుపుచు పోయెను. పోటు వచ్చినప్పుడు పనిలో కొంత కొట్టుకొనిపోవుచుండెడిది. మరల పాటువేళకు మొదలిడుచుండెను. జనము అతనిని పిచ్చివాడనిరి. దాదాపు పాతికయేండ్లు ఈ పని ఒంటరిగానే సాగినది. పూర్తిగాకమునుపే అతడు కన్నుమూసెను. కట్టడము అలలపాలై శిథిలమయ్యెను. 1994లో ప్రభుత్వ సహాయముతో దానిని పునర్నిర్మించిరి. తీరమునుండి గుడివరకు నడవదగిన గట్టు వేసిరి. మొదటి ఓడ వచ్చిన నూటయేబదవ సంవత్సరము మరుసటి యేడే. నాటి శిక్ష వ్రాసినదియు, నేటి సొమ్ము ఇచ్చినదియు ఒకే దీవి ప్రభుత్వము. నడుమ గడచినవి నలుబదిరెండేండ్లు.

ఆ నడుమనే 1962 ఆగస్టు 31వ తేదీన దేశము స్వతంత్రమైనది. తొలి ప్రధాని ఎరిక్ విలియమ్సు బానిసత్వపు ఆర్థికచరిత్రను వ్రాసిన చరిత్రకారుడు. 1976లో గణతంత్రమైనది. 1966 నుండి దీపావళియు, రంజాను పండుగయు అందరికిని సెలవుదినములు. 1985లో కొలంబసు దినమును తొలగించి, ఆగస్టు 1వ తేదీని విముక్తిదినముగ చేసిరి. మే 30వ తేదీ భారతీయులు వచ్చిన దినముగ పాటింపబడుచున్నది. 1987లో నూర్ హసనాలి అను ముస్లిము రాష్ట్రపతియయ్యెను. 1995లో బాస్దేవ్ పాండే భారతసంతతివారిలో మొదటి ప్రధాని. 2010లో కమలా పెర్సాద్ బిసేసర్ తొలి మహిళా ప్రధాని. పేర్లు వినుటకు సొంపుగానున్నను, ఎన్నికలవేళ ఓట్లు నేటికిని చాలవరకు జాతులవారీగనే చీలుచున్నవన్నది దాచరాని సత్యము. 2011 లెక్కలలో భారతసంతతివారు నూటికి 35, ఆఫ్రికాసంతతివారు 34, మిశ్రమజాతులవారు దాదాపు 23. తక్కెడ ఎటు మొగ్గునోయన్న దిగులు ఇరువురకును కలదు. ఆ మిశ్రమజాతులవారి సంఖ్య పెరుగుచుండుటను ఇరువురిలోను కొందరు నష్టముగ తలతురు. రక్తము కలిసిన ఇండ్లలో ఒకే పందిరిక్రింద క్రిస్మసుదీపములు, దీపావళి ప్రమిదలు వెలుగుట ఆ తలపోతను లెక్కచేయుటలేదు.

వాటర్లూ తీరమున గట్టుకు మొదట శివదాస్ సాధు విగ్రహమును నిలిపిరి. ప్రక్కనే శ్మశానవాటిక. పూర్వము పూడ్చిపెట్టవలసివచ్చిన జాతివారు నేడు బహిరంగముగ అచట చితులు పేర్చి తమవారిని దహించుచున్నారు. అస్థికలు కలుపుటకు గంగ లేదు గనుక, తాతలు ఓడ దిగిన ఆ సముద్రములోనే కలుపుచున్నారు.